కోటలోని ప్రాంగణము

ఐరోపాఖండమున కొండకొనలయందును, నదీతీరములందును, సముద్రపుటొడ్డునను వేలకొలది పాతకోటలు నేటికిని నిలిచియున్నవి. వానిని చూడబోవువారి కన్నులు మొట్టమొదట ఎత్తైన బురుజులపైకి పోవును. గోడ ఎంత లావు, బురుజు ఎంత ఎత్తు అని వారు అడుగుదురు. కాని సింహద్వారము దాటి లోనికి పోయినవారికి ఎదురగునది ఆకాశము క్రింద తెరచియున్న ఒక ఖాళీస్థలము. అదియే ప్రాంగణము. తెలుగునాట మండువాలోగిలి ఎరిగినవారికి దీని పోలిక సులభముగా బోధపడును. గదులన్నియు చుట్టును, ఆకాశము నడుమను ఉండును. అయితే మండువాచుట్టును ఉండునవి ఇంటిగదులు. కోటప్రాంగణము చుట్టునుండునవి పది, పదునైదు అడుగుల మందముగల రాతిగోడలు. ఇంత శ్రమపడి గోడ కట్టుట లోపలి ఆ కొద్దిపాటి చోటును కాపాడుటకే. ఆ చోటు ఎవరికి దొరకెను, ఎవరికి దొరకలేదు అను విషయమును తెలిసికొన్నచో ఆ కోటల చరిత్ర బోధపడును.

పదియవ, పదునొకండవ శతాబ్దములలో పశ్చిమ ఐరోపాయందు పెద్దరాజుల అధికారము సన్నగిల్లెను. ఓడలపై వచ్చి దోచుకొనువారి భయము ఒకవైపు, పొరుగు దొరల దాడి మఱియొకవైపు. అందుచేత ప్రతి చిన్న దొరయు తన రక్షణమును తానే చూచుకొనవలసి వచ్చెను. ఆ కాలపు కోటలు చాలవఱకు రాతితో కట్టినవి కావు. మట్టి త్రవ్వి పెద్ద దిబ్బగా పోసి, దానిపై కొయ్యబురుజు నిలిపెడివారు. దిబ్బక్రింద ఒక ఆవరణమును ఏర్పఱచి, దానిచుట్టు గుంజల దడి కట్టి, దడివెలుపల కందకము త్రవ్వెడివారు. త్రవ్విన మట్టియే దిబ్బకు పనికివచ్చుచుండెను. 1066లో నార్మండీ ప్రభువైన విలియం ఇంగ్లండుపై దండెత్తినప్పుడు హేస్టింగ్స్ వద్ద ఇట్టి దిబ్బను పోయించెను. కూలివారు పారలతో మట్టిపోయుచున్న దృశ్యము బాయో పట్టణమున భద్రపఱచిన ఆ కాలపు కుట్టుపని వస్త్రముపై నేటికిని చూడవచ్చును.

ఈ కోటకు రెండు భాగములు కలవు. దిబ్బపైనున్న బురుజు దొరది. క్రిందనున్న ఆవరణము పరివారముది. గుఱ్ఱములు, గాదెలు, కమ్మరికొలిమి, వంటసాల, బావి అన్నియు అక్కడనే యుండెడివి. శత్రువు ఆవరణమును పట్టుకొన్నచో దొర దిబ్బపైకెక్కి నిచ్చెన తీయించెడివాడు. క్రిందివారి గతి దైవాధీనము. కోటలో అందఱును ఉన్నను రక్షణము అందఱకును ఒక్కటి కాకుండెను.

కొయ్యకు నిప్పు శత్రువు. కనుక కాలక్రమమున కొయ్యబురుజు స్థానమున రాతిబురుజు లేచెను. లండను నగరములోని తెల్లబురుజు ఇట్టి వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. విలియం దీనిని 1070వ దశకమున ప్రారంభింపజేసెను. దీని ఎత్తు సుమారు 27 మీటర్లు. అడుగుభాగమున గోడల మందము 4 మీటర్లకు మించియున్నది. ఇట్టి బురుజులకు నేలమట్టమున ద్వారముండదు. పై అంతస్తునకు కొయ్యమెట్లు వేసి, ఆపద వచ్చినప్పుడు వానిని తీసివేయుదురు. చూచుటకు ఇది అభేద్యమనిపించును. కాని దీనికి రెండు లోపములు గలవు. చతురస్రపు బురుజు మూలలు పగులగొట్టుటకు అనువైనవి. ఆ మూలల దాపున చేరిన శత్రువు పైనున్నవారి బాణములకు అందడు. ఇక రెండవది, బురుజులో దాగినవారు దాగియే యుండవలెను. బయటికి వచ్చి ఎదుర్కొనుటకు వారికి చోటు లేదు.

ఈ లోపము 1215లో రోచెస్టరు కోటయందు బయటపడెను. ఆ కోటలోని పెద్దబురుజు 113 అడుగుల ఎత్తున్నది. రాజుపై తిరుగబడిన సామంతులు కొందఱు దానిని ఆక్రమింపగా, జాన్ రాజు ముట్టడించెను. ఆయన పనివారు బురుజు మూలక్రింద సొరంగము త్రవ్వి, పైగోడ కూలకుండ కొయ్యగుంజలను ఆనించిరి. పిమ్మట తినుటకు పనికిరాని మిక్కిలి క్రొవ్విన పందులను నలుబదింటిని పంపవలసినదని రాజు ఉత్తరువు వ్రాయించెను. ఆ పందుల క్రొవ్వుతో గుంజలకు నిప్పుపెట్టిరి. గుంజలు కాలి కూలగా వానితోపాటు బురుజు మూలయు కూలెను. అయినను లోపలివారు బురుజును రెండుగా చీల్చు అడ్డుగోడ వెనుకకు పోయి పోరాడిరి. తుదకు వారిని లొంగదీసినది ఆకలి. పిమ్మట ఆ మూలను మరల కట్టినప్పుడు చతురస్రముగా గాక గుండ్రముగా కట్టిరి. నేడును ఆ బురుజు మూడు మూలలు పలకలుగాను, నాలుగవది గుండ్రముగాను కనబడును. నాలుగు వందల పుటల గ్రంథము చెప్పదగిన పాఠమును ఆ ఒక్క మూల చెప్పుచున్నది.

ఇట్టి అనుభవములవలన కోటకట్టడపు పద్ధతి మాఱెను. తూర్పుదేశములలో క్రైస్తవులకును ముస్లిములకును జరిగిన యుద్ధములలో పాల్గొని వచ్చిన దొరలు అక్కడి కోటలను చూచి కొన్ని మెలకువలు నేర్చిరి. ఒక్క బురుజునందే బలమంతయు నుంచుట మాని, ప్రాంగణము చుట్టునున్న ప్రాకారమునకే బలము చేకూర్చుట ఆరంభించిరి. ప్రాకారము పొడవునను, మూలలయందును గుండ్రని బురుజులను గోడకంటె ముందునకు పొడుచుకొనివచ్చునట్లు కట్టిరి. అప్పుడు ఒక బురుజుపై నిలిచిన విలుకాడు ప్రక్కబురుజు వఱకు గోడ అడుగుభాగమునంతయు చూచి బాణము వేయగలడు. గుండ్రని గోడకు మూల లేదు కనుక గునపమునకు పట్టు దొరకదు. విసరిన రాయి జాఱిపోవును. మునుపు కోటలో బలహీనమైన చోటు ద్వారము. ఇప్పుడు దానికిరువైపుల రెండు పెద్దబురుజులను నిలిపి, నడుమ దారికి పైనుండి జారవిడుచు కటకటాల తలుపులను అమర్చి, దానినే కోటయంతటిలో బలమైన చోటుగా మార్చిరి.

ఫ్రాన్సు రాజు ఫిలిప్ అగస్టస్ 1190వ సంవత్సర ప్రాంతమున పారిసు నగరమునకు పడమర ఇట్టి కోటనొకదానిని కట్టింపనారంభించెను. దానిపేరు లూవ్ర్. అది దాదాపు చదరముగా, ఒక్కొక్క వైపు 70 మీటర్లకు పైగా నుండెను. చుట్టును నీటి అగడ్త, గోడలపొడవున గుండ్రని బురుజులు. పాత అలవాటును పూర్తిగా వదలలేక ప్రాంగణము నడుమ 30 మీటర్ల ఎత్తుగల గుండ్రని మహాబురుజును కూడ నిలిపిరి. ఇటలీ దేశపు దక్షిణభాగమున చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ పదమూడవ శతాబ్దమున కట్టించిన కాస్తెల్ దెల్ మోంతె అను కోటయందు ప్రాంగణమే ఎనిమిది పలకలుగా నుండును. దానిచుట్టు ఎనిమిది బురుజులు. రాయి అరుదైన ఉత్తరదేశములలో ఇటుకలు కాల్చి కట్టిరి. నేటి పోలండునందలి మాల్బోర్క్ కోట అట్టిది. నలువైపుల మేడలు, నడుమ ప్రాంగణము, ప్రాంగణమున బావి. దేశమును బట్టి సామగ్రి మాఱినను నడుమనున్న ఖాళీస్థలము మాఱలేదు.

ఆ ఖాళీస్థలమున జరుగు జీవితమును ఊహించిన బాగుండును. ఒకవైపు గోడనానుకొని పెద్ద సభాశాల. అందు దొర న్యాయవిచారణ జరుపును, అందే బంతిభోజనములు సాగును. మఱియొకవైపు ప్రార్థనాలయము. నిప్పుభయముచేత వంటసాలను కొంచెము ఎడముగా ఉంచుదురు. గుఱ్ఱపుసాల, గాదె, రొట్టెలు కాల్చు పొయ్యి, కమ్మరికొలిమి, నీటిబావి ఇవన్నియు ప్రాంగణముచుట్టునే యుండును. శాంతికాలమున అంగడులవారును, రైతులును పన్నుధాన్యము తెచ్చి ఇక్కడనే దింపుదురు. యుద్ధము వచ్చినచో చుట్టుప్రక్కల గ్రామములవారు పశువులతోడను, పిల్లలతోడను ఇక్కడికే పరుగెత్తివత్తురు. కోటకు ఎన్ని బురుజులున్నను బావిలో నీరు, గాదెలో గింజ లేనిచో అది నిలువదు. అప్పుడు ప్రాంగణములోని ప్రతి మనుష్యుడును ఒక నోరుగా లెక్కకు వచ్చును.

ఆ లెక్క ఎంత కఠినమైనదో 1203వ సంవత్సరమున షాతో గయార్ కోట లోకమునకు చూపెను. నార్మండీలో సేన్ నదిపైనున్న తెల్లని సున్నపురాతి కొండమీద ఈ కోటను సింహహృదయుడని పేరొందిన రిచర్డు రాజు 1196 మొదలు 1198 వఱకు రెండేండ్లలో కట్టించెను. ఒకదాని వెనుక ఒకటిగా మూడు ప్రాంగణములు. వాని నడుమ లోతైన కందకములు. ఒక ప్రాంగణము పోయినను వెనుకటి ప్రాంగణము నిలుచునని ఆయన తలపు. రిచర్డు 1199లో మరణింపగా తమ్ముడు జాన్ రాజయ్యెను. ఫిలిప్ అగస్టస్ 1203లో ఈ కోటను ముట్టడించెను. కోటక్రింది పట్టణమునందలి జనులు వెయ్యిమందికి పైగా ప్రాణభయముతో కోటలోనికి చేరిరి. కోటాధిపతియగు రోజర్ డి లేసీ వారికి ద్వారము తెరచెను.

చలికాలము సమీపించెను. గాదెలోని ధాన్యము తఱిగిపోవుచుండెను. పోరాడలేనివారిని వెలుపలికి పంపుటకు కోటాధిపతి నిశ్చయించెను. మొదట వెలుపలికి వచ్చిన వందలాదిమందిని ఫ్రెంచిసేనవారు దారియిచ్చి పోనిచ్చిరి. ఈ సంగతి తెలిసిన ఫిలిప్ రాజు ఇకమీదట ఎవ్వరిని పోనీయరాదని ఆజ్ఞాపించెను. అంతట చివరిసారి వెడలగొట్టబడిన వృద్ధులును, స్త్రీలును, పిల్లలును ముందునకు పోలేక వెనుకకు మరలిరి. కోటద్వారము మూసియుండెను. రెండు పక్షముల నడుమ, కందకములలో, చలిలో వారు వారములకొలది పడియుండిరి. గడ్డిగాదములు తిని, ఆకలిచేతను చలిచేతను అనేకులు మరణించిరి. తుదకు మిగిలినవారిని చూచి ఫిలిప్ రాజు అన్నము పెట్టించి పోనిచ్చెను.

ఇంత క్రూరకార్యము చేసినను కోట దక్కలేదు. నడిమి ప్రాంగణములోని ప్రార్థనాలయపు కిటికీ ఒకటి కావలిలేక యుండెను. కొందఱు ఫ్రెంచి భటులు అటనుండి లోనికి దూఱి వంతెన దింపిరి. కడపటి ప్రాంగణపు గోడను సొరంగము త్రవ్వియు, రాళ్లు విసరియు కూల్చిరి. 1204వ సంవత్సరము మార్చి 6వ తేదీన కోట పట్టుబడెను. తిండిగింజలు కాపాడుకొనుటకై మనుష్యులను బయట వదలివేసిరి. కోట మాత్రము తిండిలేక పడిపోలేదు. గోడలను ఎన్ని వరుసలుగా కట్టినను, ఒక్క కిటికీ వద్ద ఒక్క కావలివాడు లేనందున అది శత్రువశమయ్యెను.

ప్రాంగణదుర్గ నిర్మాణము పరిపూర్ణదశకు చేరినది వేల్సు దేశమున. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1282, 1283 సంవత్సరములలో వేల్సును జయించి, ఆ దేశమును అణచియుంచుటకు సముద్రతీరమున వరుసగా కోటలు కట్టించెను. వానికి ముఖ్యశిల్పి ఆల్ప్స్ పర్వతప్రాంతపు సవాయ్ దేశమునుండి వచ్చిన సెయింట్ జార్జి జేమ్సు అనునాతడు. 1294లో మాడోగ్ అను నాయకుని క్రింద వేల్సు ప్రజలు తిరుగబడి, కట్టడము పూర్తికాని కార్నార్వన్ కోటను పట్టుకొనిరి. తిరుగుబాటు అణగిన వెంటనే 1295లో ఎడ్వర్డు యాంగిల్సీ ద్వీపమున మఱియొక కోటకు పునాది వేయించెను. ఆ చోటు చిత్తడినేల. దానికి ‘అందమైన చిత్తడి’ అని అర్థమిచ్చునట్లు బ్యూమారిస్ అని పేరిడిరి.

సమతలముగానున్న నేల దొరకుటచేత శిల్పి తాను కోరిన ఆకారమును కోరినట్లే గీయగలిగెను. నడుమ చతురస్రపు ప్రాంగణము. దానిచుట్టు 11 మీటర్ల ఎత్తును, 4.7 మీటర్ల మందమును గల లోగోడ. దానికి ఆఱు బురుజులు, రెండు మహాద్వారములు. లోగోడచుట్టు ఎనిమిది ముఖములుగల తక్కువ ఎత్తు వెలిగోడ. దానిచుట్టు నీటి అగడ్త. వెలిగోడపై విలుకాండ్రు, వారి తలలమీదుగా లోగోడపై మఱికొందఱు విలుకాండ్రు ఒక్కసారి బాణములు వేయవచ్చును. కోటయందు విలుకాండ్రు నిలిచి బాణములు వేయుటకు దాదాపు 300 చోట్లుండెను. వెలిద్వారము లోద్వారమునకు ఎదురుగా లేదు. కొంచెము ప్రక్కకు జరిగియున్నది. వెలిద్వారమును ఛేదించి వచ్చిన శత్రువు తిన్నగా పోలేక ప్రక్కకు తిరుగవలెను. తిరిగినప్పుడు అతని ప్రక్కభాగము లోగోడపైని విలుకాండ్రకు గుఱియగును. సముద్రమువైపు ద్వారముకడ చిన్న ఓడ వచ్చి నిలుచుటకు రేవును కూడ అమర్చిరి.

ఇంతటి కోట రాజాజ్ఞ చేతనే లేచునా? 1296వ సంవత్సరము ఫిబ్రవరినెలలో జేమ్సును, అతనితోడి లెక్కల అధికారియు రాజుగారి కోశాధికారులకు పంపిన జాబు నేటికిని నిలిచియున్నది. అందలి లెక్కలు చూడదగినవి. తాపీపనివారు 400 మంది. కూలివారు 2,000 మంది. రాతిగనులలో పనిచేయువారు 200 మంది. వడ్రంగులు, కమ్మరులు వేఱు. రాళ్లు మోయుటకు 100 చిన్నబండ్లు, 60 పెద్దబండ్లు. రాతిని, బొగ్గును తెచ్చుటకు 30 పడవలు. వారమునకు 250 పౌనులు కావలెనని వారు కోరిరి. పనివారికి కూలి చాల బాకీపడియున్నదనియు, వారికి తినుటకేమియు లేదనియు, వారిని నిలుపుకొనుట మిక్కిలి కష్టముగా నున్నదనియు ఆ జాబులో వ్రాసిరి. రాజు స్కాట్లండుతో యుద్ధమున మునిగియుండెను. సొమ్ము అక్కడికి పోయెను. 1300 నాటికి పని నిలిచిపోయెను. నడుమ కొన్నియేండ్లు మరల సాగినను 1330లో పూర్తిగా ఆగిపోయెను. బురుజులు అనుకొన్న ఎత్తునకు లేవనేలేదు. ఐరోపాలో ఇంత సొంపైన రూపుగల కోట మఱియొకటి లేదని నిపుణులందురు. కాని అది పూర్తికాని కోట.

ఆ కోట నీడ మఱియొక విధముగ కూడ ప్రజలపై పడెను. దానికి సమీపమున లాన్‌వైస్ అను వేల్సువారి రేవుపట్టణముండెను. చేపలు పట్టియు, ఓడవర్తకము చేసియు జనులు బాగుగా బ్రతుకుచుండిరి. కొత్తకోటకు చేర్చి ఇంగ్లీషువారికి పట్టణము కట్టదలచిన ఎడ్వర్డు లాన్‌వైస్ వాసులను అచ్చటినుండి లేవదీసి, ద్వీపమున మఱియొక కొనకు పంపివేసెను. వారు చేరిన చోటు న్యూబరో అను పేరుతో వెలసెను. తరతరములుగా నున్న రేవును విడిచి, తమ నేలపై పరుల ప్రాకారము లేచుటను చూచి వారు పోయిరి. కోటగోడ లోపలివారిని కాపాడును. వెలుపలికి త్రోయబడినవారి మాట ఆ రాళ్లకు తెలియదు.

ఎడ్వర్డు కట్టించిన హార్లెక్ కోట చరిత్ర మఱియు విచిత్రము. అది సముద్రమునకెదురుగానున్న ఎత్తైన బండపై నున్నది. దాని కావలికి నియమింపబడినవారు సుమారు 36 మంది మాత్రమే. అందు విలుకాండ్రతోపాటు ఒక పురోహితుడు, ఒక కమ్మరి, ఒక వడ్రంగి, ఒక తాపీపనివాడు నుండిరి. యుద్ధముకంటె తలుపు మేకులును, గోడ మరమ్మతును కోటకు ఎక్కువ అవసరమని కట్టించినవారు ఎఱిగియుండిరి. 1294లో వేల్సువారు ముట్టడించినప్పుడు ఐర్లండునుండి ఓడలపై వచ్చిన ధాన్యము, బండనంటి సముద్రమువఱకు కట్టిన మెట్లదారిన పైకి చేరెను. అందుచేత కోట నిలిచెను. నూఱేండ్లు గడచిన పిమ్మట ఒవైన్ గ్లిన్‌డూర్ అను వేల్సు నాయకుడు స్వాతంత్ర్యమునకై లేచి, 1404లో హార్లెక్‌ను పట్టుకొని తన నివాసముగ చేసికొనెను. 1405లో అచ్చట వేల్సు ప్రజాప్రతినిధుల సభను కూడ జరిపెను. ఏ ప్రజలను అణచుటకై ఆ గోడలు లేచెనో ఆ ప్రజలే కొన్నియేండ్లు ఆ గోడలనడుమ తమ రాజ్యమును నడుపుకొనిరి. ఇంగ్లీషుసేన మరల ముట్టడింపగా లోపల ధాన్యము తఱిగెను. 1409లో కోట లొంగెను. గ్లిన్‌డూర్ తప్పించుకొని పోయెను. ఆయన భార్యయు కుమార్తెలును బందీలైరి.

పదునైదవ శతాబ్దమున ఫిరంగులు బలపడెను. 1449, 1450 సంవత్సరములలో ఫ్రెంచిరాజు సేనలు ఫిరంగుల బలముతో నార్మండీలోని కోటలను ఒకదానివెంట ఒకటి వశపఱచుకొనెను. అనేకకోటలు గుండ్లు పడకమునుపే లొంగిపోయెను. ఎత్తైన గోడ ఇక బలము కాదు; ఫిరంగికి పెద్ద గుఱి. అప్పటినుండి సైనికులకు మట్టితో మందముగా, నేలకు తగ్గి నిలుచు దుర్గములు వేఱుగను, దొరలకు సుఖముగా నివసించు మేడలు వేఱుగను కట్టుట ఆరంభమయ్యెను.

ఈ మార్పు అంతకు మునుపే మొలకెత్తినదని ఇంగ్లండు దక్షిణభాగములోని బోడియమ్ కోట చూపును. ఫ్రెంచివారి దాడినుండి తీరమును కాపాడుదునని చెప్పి ఎడ్వర్డ్ డాలింగ్రిజ్ అను వీరుడు 1385లో రాజుననుమతి పొంది దీనిని కట్టించెను. విశాలమైన చెఱువువంటి అగడ్తనడుమ చతురస్రాకారమున, నాలుగుమూలల గుండ్రని బురుజులతో ఇది నీటిపై తేలినట్లుండును. నడుమ మహాబురుజు లేదు. ప్రాంగణముచుట్టు నివాసగృహములే కలవు. మరుగుదొడ్లే 28 వఱకు గలవు. అవన్నియు అగడ్తలోనికే దిగును! ఇది యుద్ధమునకై కట్టినదా, దర్పమునకై కట్టినదా అని పండితులు నేటికిని వాదించుచున్నారు. శిథిలమైన ఈ కోటను మొదటి ప్రపంచయుద్ధకాలమున కొని, బాగుచేయించినవాడు ఒకప్పుడు భారతదేశమునకు రాజప్రతినిధిగానుండిన కర్జన్ ప్రభువు. 1904లో భారతదేశపు ప్రాచీనకట్టడముల రక్షణచట్టమును తెచ్చినవాడును, 1905లో వంగదేశమును రెండుగా చీల్చినవాడును ఆయనయే. 1925లో మరణించునప్పుడు ఆయన బోడియమ్‌ను ప్రజలకై కట్టడములను కాపాడు ఇంగ్లండునందలి సంస్థకు చెందునట్లు వ్రాసియుంచెను.

కోట మేడగా మాఱిన తీరునకు లూవ్ర్ మంచి ఉదాహరణము. 1528లో మొదటి ఫ్రాన్సిస్ రాజు ప్రాంగణము నడుమనున్న మహాబురుజును పడగొట్టించెను. శతాబ్దములుగా బురుజు నీడలో నుండిన ప్రాంగణమునకు ఎండ తగిలెను. 1546 మొదలు పాతగోడల స్థానమున అందమైన రాజభవనము లేచెను. ఫ్రెంచివిప్లవము జరిగిన పిమ్మట 1793లో ఆ భవనము ప్రజల ప్రదర్శనశాలయయ్యెను. ఒకప్పుడు ద్వారముకడ కాపలావాడు ఆపివేసిన సామాన్యుడు అప్పటినుండి ఆ ప్రాంగణమున స్వేచ్ఛగా నడువనారంభించెను. వేల్సు దేశపు కోటలకును అదే గతి పట్టినది. 1986లో బ్యూమారిస్, హార్లెక్ మొదలైన నాలుగు కోటలును ప్రపంచవారసత్వసంపదగా గుర్తింపబడెను. ఎడ్వర్డు అణచదలచిన ప్రజల సంతతివారే నేడు వానిని కాపాడుచున్నారు.

1980వ దశకమున లూవ్ర్ క్రింద త్రవ్వినప్పుడు ఫిలిప్ అగస్టస్ నాటి గోడలును, అగడ్తయు, మహాబురుజు పాదమును బయటపడెను. నేడు ప్రదర్శనశాలకు పోయినవారు నేలక్రిందికి దిగి ఆ రాళ్ల ప్రక్కన నడువవచ్చును. వానిలో కొన్నిటిపై చిన్నచిన్న గుర్తులు చెక్కియున్నవి. అవి అలంకారములు కావు. రాళ్లు చెక్కిన పనివారు తాము చెక్కినది ఏ రాయియో, తమకు రావలసిన కూలి ఎంతయో లెక్క తేలుటకు పెట్టుకొన్న గుర్తులు. రాజు కోరిన బురుజు నేలమట్టమైనది. ఎనిమిదివందల యేండ్లనాటి పేరెఱుగని పనివాని గుర్తు మాత్రము రాతిపై చెక్కుచెదరక నిలిచియున్నది.

ప్రశ్నలు

1. చతురస్రపు బురుజునందలి లోపములెవ్వి? రోచెస్టరు ముట్టడియందు అవి ఎట్లు బయటపడెను?
2. గుండ్రని బురుజులవలన కోటవారికి కలిగిన మేలెట్టిది?
3. షాతో గయార్ కోటనుండి వెడలగొట్టబడినవారి దుస్థితిని వర్ణింపుము. కోటాధిపతి చేసినది న్యాయమని తోచునా? కారణములు చెప్పుము.
4. బ్యూమారిస్ కోట పూర్తికాకపోవుటకు కారణమేమి?
5. “కోటగోడ లోపలివారిని కాపాడును, వెలుపలికి త్రోయబడినవారి మాట ఆ రాళ్లకు తెలియదు.” సందర్భము తెలిపి వివరింపుము.